జీవమ్మ చేతి సూదులు

చర్చిలో పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టగానే అందరూ కళ్లు మూసుకునేవాళ్లు. దావీదురాజు కూడా మూసుకునేవాడు. కానీ కాసేపటికే ఆయన కుడికాలి మడమ ఎడమకాలి పిక్క మీదికి ఎక్కేది. బరబరా గోక్కునే ఆ చప్పుడు అంత నిశ్శబ్దంలో చివరి వరుసదాకా వినిపించేది. ఆడవాళ్ల వైపు కూర్చున్న ఆయన భార్య జీవమ్మ సిగ్గుతో తల ఇంకాస్త వంచుకునేది. తర్వాత, సిగ్గుపడినందుకు తనను తాను తిట్టుకునేది.

దావీదురాజు రైల్వేలో గ్యాంగ్‌మన్. డోన్ జంక్షన్‌కు అటూ ఇటూ పట్టాల వెంట నడుస్తూ, ఎండలో కంకర సర్దుతూ సర్వీసంతా గడిపిన మనిషి. రెండు పిక్కల మీదా ఎగ్జిమా పట్టుకుంది. మెడికల్ షాపులో అడిగితే ఒక ట్యూబు ఇచ్చారు. రాస్తే నాలుగు రోజులు చల్లగా ఉండేది, మానితే రెండింతలై తిరిగొచ్చేది. ఏళ్ల తరబడి అదే రాసి రాసి చర్మం ఉల్లిపొరలా పలచబడింది. గోరు తగిలితే చాలు, రక్తం చిమ్మేది.

జీవమ్మ మిషన్ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. ఆ ట్యూబులో ఏముందో ఆమెకు తెలుసు.

"అది పూసేది మానుకో. స్టెరాయిడ్ అది. తోలంతా తినేస్తాండాది," అని ఒకరోజు గట్టిగానే చెప్పింది.

"మానుకుంటా. మరి దురదకు ఏం చేయల్లో నువ్వే చెప్పు," అన్నాడు దావీదురాజు. కోపంగా కాదు, నిజంగానే అడిగాడు.

దానికేం చేయాలో జీవమ్మకూ తెలియదు. తెలియదని ఊరుకునే మనిషి కాదు ఆమె.

పత్తికొండ దగ్గర ఒక పల్లెలో కూలిచేసుకునే ఇంట్లో పుట్టింది. చర్చివాళ్ల హాస్టల్లో ఉండి చదువుకుంది. కర్నూలులో నర్సింగ్ నేర్చుకుంది. ఆసుపత్రిలో ఆమె చెయ్యి తేలికని పేరు. ఇంజెక్షన్ అనగానే పిల్లలు ఏడుపు లంకించుకునే వార్డులో తల్లులు, "జీవమ్మక్క వచ్చేదాకా ఆగుతాంలే," అని కూర్చునేవాళ్లు. సూది ఆమె జీవితంలోకి కొత్తగా వచ్చింది కాదు. కొత్తరకం సూది మాత్రం యాభయ్యోపడికి దగ్గరపడుతున్నప్పుడు వచ్చింది.

ఆ ఏడు వాళ్ల ఆసుపత్రిలో మోకాళ్ల నొప్పులకని ఆక్యుపంక్చర్ శిబిరం పెట్టారు. చెన్నై నుంచి ఒక పెద్దవయసు డాక్టరు వచ్చాడు. వెంట్రుక మందాన ఉండే సూదులను ఆయన గుచ్చుతుంటే, పక్కన ట్రే పట్టుకుని నిలబడే పని జీవమ్మది. శిబిరం ముగిసేలోపు ఒక ముసలమ్మ మోకాళ్ల సంగతి పక్కనపెట్టి, "ఒంటిమీద దద్దుర్ల దురద తగ్గింది నాయనా, హాయిగా ఉండాది," అని చెప్పింది. జీవమ్మ చెవులు నిక్కబొడుచుకున్నాయి. సాయంత్రం ఆ డాక్టరును పట్టుకుని అడిగింది.

ఆయన నవ్వాడు. "నొప్పీ, దురదా రెండూ నరాల దారిలో పోయేవే. సూదివల్ల కొందరికి దురద తగ్గుతుంది, కొందరికి తగ్గదు. చర్మరోగం నయమవుతుందని మాత్రం నేను ఎవరికీ చెప్పను, నువ్వూ చెప్పకు," అన్నాడు.

ఆ మాటే జీవమ్మకు నచ్చింది. అన్నీ నయం చేస్తానని ఆయన చెప్పి ఉంటే అక్కడితో వదిలేసేది.

తర్వాత ఆ విద్య నేర్చుకోవడానికి భర్త రైల్వే పాసు మీద చెన్నైకి ఎన్నిసార్లు తిరిగిందో ఆమెకే లెక్కలేదు. సాయంత్రం డోన్‌లో రైలెక్కితే తెల్లారేసరికి అరవం మాటల మధ్య దిగేది. తరగతిలో తన కూతురు జెస్సీ వయసు పిల్లలు పక్కన కూర్చునేవాళ్లు. పాఠం సగం ఇంగ్లీషు, సగం అరవం. అర్థం కాని చోట సిగ్గుపడకుండా చెయ్యెత్తేది. ఇంటికొచ్చి మొదట దిండుకు గుచ్చింది, తర్వాత తన కాలికే గుచ్చుకుంది. ఆ తర్వాతే దావీదురాజును మంచం మీద పడుకోబెట్టింది. మోచేతి మడత అంచున ఒకటి, మోకాలిచిప్పకు పైన లోపలివైపు ఒకటి. పుండు ఉన్న చోటికి మాత్రం సూదిని పోనివ్వలేదు.

"ఎట్లుండాది?"

"చీమ కుట్టినట్ల... కాదు కాదు. లోపల ఎవరో బొటనవేలితో ఒత్తుతాండేట్ల బరువుగా ఉండాది."

"అదే కావల్ల. కదలకుండా ఉండు."

ఒక్కరోజులో ఏమీ జరగలేదు. కర్నూలులో చర్మం డాక్టరుకు చూపించి సరైన మందు రాయించింది. సబ్బు మార్పించింది, స్నానం కాగానే కొబ్బరినూనె రాయించింది. దాంతోపాటే వారం వారం సూదులు వేసింది. దురద తగ్గేకొద్దీ గోకడం తగ్గింది. గోకడం తగ్గేకొద్దీ చర్మం తేరుకుంది. ఒక ఆదివారం ప్రార్థన మధ్యలో ఏదో వెలితిగా అనిపించి జీవమ్మ కళ్లు తెరిచి చూసింది. దావీదురాజు రెండు కాళ్లూ నేల మీద ఆనించి, చేతులు కట్టుకుని, బొమ్మలా కూర్చుని ఉన్నాడు.

రిటైరయ్యాక రైల్వే క్వార్టర్స్ వెనక వీధిలో సొంత ఇంటి ముందుగదిని జీవమ్మ వైద్యానికి సిద్ధం చేసుకుంది. ఒక బల్ల, ఒక తెర, ఒకసారి వాడి పారేసే సూదుల డబ్బాలు. దావీదురాజు అరుగు మీద కూర్చుని, వచ్చినవాళ్లకు మంచినీళ్లిచ్చి, కాసేపు మాట్లాడి, పంచె పైకి లాగి తన పిక్కలు చూపించేవాడు. "నాదీ మీలాంటి ఒళ్లేనప్పా," అనేవాడు. సిగ్గుతో ముడుచుకుని వచ్చినవాళ్లు ఆ పిక్కలు చూసి కాస్త తెరుచుకునేవాళ్లు.

వచ్చినవాళ్లను జీవమ్మ మొదట ఒక మాట అడిగేది: ఏ మందులు వాడుతున్నారు? అన్నీ తెచ్చి చూపించాలి. డాక్టరు రాసింది ఏదీ తన మాట మీద మానకూడదు. ఒప్పుకోనివాళ్లకు నమస్కారం పెట్టి పంపేసేది.

ఓబులేసు వచ్చింది ఒక వేసవిలో. ఎర్రగుంట్ల నుంచి సిమెంటు లోడు వేసుకుని తిరిగే లారీ డ్రైవరు. అంత ఎండలోనూ మణికట్టుదాకా చేతుల చొక్కా వేసుకుని, నెత్తికి టవలు చుట్టుకుని, వచ్చి తలుపు దగ్గరే నిలబడ్డాడు. వెనక అతని భార్య శ్రావణి.

"లోపలికి రా నాయనా. ఆడ్నే నిలబడితివే?"

"కుర్చీ మీద పొట్టు రాలుతాదమ్మా," అన్నాడు.

జీవమ్మ లేచి వెళ్లి అతని చెయ్యి పట్టుకుంది. చొక్కా చెయ్యిని నెమ్మదిగా పైకి మడిచింది. మోచెయ్యంతా తెల్లటి పొట్టు, దాని కింద ఎర్రటి చర్మం. సోరియాసిస్. ఆ పొట్టు మీదే అరచెయ్యి ఆనించి, రెండో చేత్తో నాడి చూస్తూ అట్లాగే కూర్చోబెట్టింది. వేడి ఎంత ఉంది, పగుళ్లు ఎక్కడున్నాయి అని నర్సు చూసే చూపే అది. ఆమెకు అందులో విశేషమేమీ లేదు.

ఓబులేసు ఆ అరచేతి వైపే చూస్తుండిపోయాడు. శ్రావణే చెప్పింది. "హోటళ్లలో ఈయప్పకు ఒక్కనికే పేపరు గ్లాసులో టీ పోస్తారమ్మా. కటింగ్ షాపులో రావొద్దన్నారు. ఇంట్లో మా బావగారు గూడా తట్టా, చెంబూ పక్కన పెట్టించినాడు. నేను తప్ప ఈ ఒంటిని ముట్టుకున్నోళ్లు లేరు."

"ఇది అంటేది కాదు. ఎవురికీ అంటదు," అంది జీవమ్మ. "పోయేది గూడా కాదు నాయనా, ఆ మాట ముందే చెప్తాండా. అణిగి ఉంటాది, మళ్లా లేస్తాది. నా సూదులకు దురద తగ్గొచ్చు, నిద్ర పట్టొచ్చు. అంతకు మించి నన్ను అడగొద్దు. ఏం మందులు తింటాండావు?"

ఓబులేసు ఒక లేపనం డబ్బా చూపించాడు. "ఇదొక్కటేనమ్మా."

సోరియాసిస్ ఉన్నవాళ్లకు ఎక్కడ చర్మం చిట్లితే అక్కడ కొత్త మచ్చ లేచే గుణం ఉంటుంది. గీసుకున్నా, దోమ కుట్టినా, సూది గుచ్చినా అంతే. అందుకని జీవమ్మ మొదటి వారం ఒక్కటంటే ఒక్క సూది వేసి పంపింది. అక్కడ ఏమీ లేవలేదు. తర్వాతే ధైర్యం చేసింది.

నెల తిరిగేసరికి ఓబులేసు మారిపోయాడు. మచ్చలు పెద్దగా తగ్గలేదు గానీ దురద సగానికి సగం పడిపోయింది. లోడుతో వెళ్తున్నా ఫోను చేసేవాడు. "అమ్మా, నిన్న కడుపునిండా నిద్రపోయినా. స్టీరింగ్ మీద చెయ్యి ఉండాదే తప్ప ఒంటిమీదికి పోవడంలే!" లారీ స్టాండులో కనబడిన ప్రతివాడికీ జీవమ్మ పేరు చెప్పాడు. ఆమెకు సంతోషమే అయింది. ఆ సంతోషంలో కాస్త గర్వం కూడా కలిసింది.

తర్వాతి వారం బల్లమీద పడుకున్న అతని మోకాలి పైభాగం చూసి ఆమె చెయ్యి ఆగిపోయింది. సూది గుచ్చిన చోట బటాణీ గింజంత ఎర్రటి మచ్చ. రెండో కాలికీ అంతే. మోచేతి దగ్గర ఇంకొకటి.

"లెయ్ నాయనా. నీకింక సూదులు వెయ్యను."

"ఏమైందమ్మా?"

"ఇవి సూడు. ఇవి నా సూదులవల్ల వచ్చినవి."

"ఒళ్లంతా ఉండేదానికి ఈ మూడు ఒక లెక్కనా? దురద తగ్గింది గదా, వెయ్యమ్మా," అని ఓబులేసు బతిమాలాడు. ఆమె వినలేదు. సూదికి బదులు మచ్చలు లేని చోట్ల వేళ్లతో ఎట్లా ఒత్తాలో శ్రావణికి చూపించింది. చర్మం డాక్టరు దగ్గరికి తప్పకుండా పొమ్మంది. ఏదో అనుమానం వచ్చి మళ్లీ అడిగింది. "వేరే మందేమన్నా తింటాండావా? పసరో, పొడో?"

"లేదమ్మా," అన్నాడు ఓబులేసు, చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

కొద్దిరోజులకు శ్రావణి ఫోను చేసింది. ఏడుస్తూ మాట్లాడింది. ఓబులేసు ఒళ్లంతా కాల్చినట్లు ఎర్రబడిందట. పొరలు పొరలుగా ఊడుతోందట. ఎండలో దుప్పటి కప్పుకుని చలి చలి అంటున్నాడట. "నీ దగ్గరికి తీసుకొస్తాండాం," అంది.

"నా దగ్గరికి రావద్దు తల్లీ," అంది జీవమ్మ. "నేరుగా కర్నూలుకు పోండి. ఆలస్యం చేస్తే ప్రాణం మీదికే వస్తాది. దోవలో తడిగుడ్డ చుట్టొద్దు, దుప్పటి తియ్యొద్దు. నేనూ బయల్దేరతాండా."

ఆసుపత్రి వరండాలో అడుగు పెట్టగానే ఓబులేసుకు స్వయానా అన్న, ఇంట్లో తట్టా చెంబూ పక్కన పెట్టించిన పెద్ద ఈరన్న ఎదురొచ్చాడు. భారీ మనిషి. నలుగురూ తిరిగి చూసేటట్లు అరిచాడు. "సూదులు గుచ్చి గుచ్చి నా తమ్మున్ని ఈ గతికి తెస్తివి. మళ్లా ఏ మొగం పెట్టుకోని వచ్చినావు?"

వెంట వచ్చిన దావీదురాజు ఏదో అనబోయాడు. జీవమ్మ చేత్తో ఆపింది. ఈరన్నకు బదులు చెప్పకుండా నేరుగా డాక్టరు దగ్గరికి వెళ్లింది. చర్మవైద్యురాలు మధులత, చిన్న వయసే. ఆమె ముందు నిలబడి జీవమ్మ అన్నీ చెప్పింది. ఎక్కడెక్కడ గుచ్చింది, మచ్చలు ఎక్కడ లేచాయి, ఎప్పుడు ఆపింది, ఏదీ దాచలేదు. "నావల్లే అయ్యిందేమో చూడండి డాక్టరమ్మా. అట్లయితే ఆ మాట వాళ్ల ముందరే చెప్పండి," అంది.

మధులత ఓబులేసును చూసి వచ్చింది. వాళ్లందరినీ అతని మంచం దగ్గరికి పిలిచి, వాళ్ల ఎదుటే అతన్ని అడిగింది. "ఈమధ్య ఏ మందు మానేశావు?"

ఓబులేసు కళ్లు మూసుకున్నాడు. అట్లాగే చెప్పాడు. సంతలో ఒకాయన ఇచ్చే పొడి రెండేళ్లుగా తింటున్నాడు. చెబితే జీవమ్మ పంపేస్తుందని దాచాడు. దురద తగ్గిపోయింది, ఇంక పొడి ఎందుకని ఒక్కసారిగా మానేశాడు.

"ఆ పొడిలో స్టెరాయిడ్ కలిపి ఉంటారు. ఒక్కసారిగా మానితే రోగం ఇట్లా తిరగబడుతుంది," అంది మధులత. తర్వాత జీవమ్మ వైపు తిరిగింది. "కాళ్ల మీది, మోచేతి దగ్గరి ఆ మూడు మచ్చలూ మీ సూదులవే. ఇది మాత్రం కాదు. మీరు ఇక్కడికి పంపకుండా ఇంట్లో ఉంచుకుని ఉంటే మనిషి దక్కేవాడు కాదు."

ఈరన్న తల దించుకున్నాడు. జీవమ్మకు మాత్రం గుండె బరువు దిగలేదు. తాను దురద తగ్గించింది కాబట్టే కదా పొడి మానేశాడు అనుకుంది. ఇంకొకసారి అడిగి ఉంటే, కోపపడనని నమ్మించి అడిగి ఉంటే చెప్పేవాడేమో అనుకుంది. ఇంటికి వెళ్లమన్నా వెళ్లలేదు. కర్నూలులోనే ల్యాబులో పనిచేసే జెస్సీ గదిలో దిగి, రోజూ పొద్దున్నే వార్డుకు వచ్చేది.

వార్డులో ఆమె చేసింది పాత నర్సు పని. పూటపూటకూ ఓబులేసు ఒంటికి తల నుంచి కాళ్లదాకా లేపనం పట్టించాలి. ఒరిపిడి తగలకుండా, ఊడే పొరను లాగకుండా పూయాలి. చేతులు శుభ్రంగా కడుక్కుని, గ్లౌజులు వేసుకుని ఆమె పూస్తుంటే, ఈరన్న గుమ్మం దగ్గర నిలబడి చూస్తుండేవాడు. లోపలికి వచ్చేవాడు కాదు.

ఒకరోజు శ్రావణి మందులకని కిందికి వెళ్లింది. జీవమ్మ వీపు వైపు పూయడానికి అతన్ని తిప్పుతూ గుమ్మంలోకి చూసింది.

"ఏమప్పా ఈరన్నా, రా. నా ఒక్కదానికి చాతకాదు. నువ్వు పుయ్యి."

ఈరన్న కదల్లేదు. "నాకు చేతకాదమ్మా. వానికి నొప్పి తగిలిస్తానేమో."

"నేను చెప్తా గదా, రా. పసిబిడ్డకు నూనె రాసినట్ల, ఒత్తకుండా రాయి. ఇది నీకంటదు. అంటేదైతే నేనే నిన్ను పిలుస్తానా?"

ఈరన్న చేతులు కడుక్కుని వచ్చాడు. నాగలి, ట్రాక్టరు పట్టి మొద్దుబారిన ఆ పెద్ద చేతులకు గ్లౌజులు సరిగ్గా పట్టలేదు. లేపనం తీసి తమ్ముడి భుజం మీద పెట్టాడు. ఓబులేసు ఉలిక్కిపడ్డాడు. నొప్పికి కాదు, ఎవరి చెయ్యో తెలిసి. ఈరన్న మెల్లగా వెన్ను పొడుగునా రాసుకుంటూ కిందికి వచ్చాడు. నడుం దగ్గరికి వచ్చేసరికి ఆయన ముక్కు ఎగబీల్చడం వినబడింది.

"చల్లగా ఉండాదా రా?"

"ఉండాదన్నా..." అన్నాడు ఓబులేసు, మొహం దిండులో దాచుకుని.

జీవమ్మ డబ్బా మూత పెట్టే నెపంతో అటు తిరిగింది. మరుసటి రోజు నుంచి ఆ పని ఈరన్న ఎవరికీ ఇవ్వలేదు. ఆయన చేతికి ఆ పని ఒప్పజెప్పాకే ఆమె డోన్ రైలెక్కింది.

ఓబులేసు తేరుకోవడానికి చాలా వారాలు పట్టింది. ఇప్పుడు మధులత రాసిన మందుల మీదే ఉన్నాడు. మళ్లీ లారీ నడుపుతున్నాడు. చొక్కా చేతులు మడిచే నడుపుతున్నాడు.

ఊళ్లో మాటలు మాత్రం అంత తొందరగా ఆగలేదు. సూదులు వేస్తే ఒళ్లు ఊడిపోతుందట అని ఎవరో అన్నారు. జీవమ్మ ముందుగది కొన్నాళ్లు బోసిపోయింది. ఆమె దాన్ని ఊడ్చి, తుడిచి, తలుపు తీసే ఉంచింది. వచ్చిన ఒకరిద్దరికి సోరియాసిస్ అయితే, "దీనికి నేను సూది వెయ్యను. ఒకాయప్పకు వేసి మచ్చలు తెప్పించినా," అని నోటితో చెప్పేసేది. దావీదురాజుకు అది మింగుడుపడేది కాదు. "ఆ మాట ఎందుకు చెప్పుకుంటావు?" అనేవాడు. "చెప్పకుంటే నేను గూడా పొడి అమ్మేటోని లెక్కే గదా," అనేది ఆమె.

ఆ మాట మధులత చెవిన ఎవరు వేశారో తెలియదు. ఒకరోజు ఆమే ఫోను చేసింది. "జీవమ్మగారూ, నా దగ్గర ఎగ్జిమావాళ్లు, ఏళ్ల తరబడి దద్దుర్లతో బాధపడేవాళ్లు ఉన్నారు. మందులతో చర్మం అదుపులోకి వచ్చినా దురద వదలనివాళ్లు కొందరు. సూదులకు గట్టి రుజువులు ఉన్నాయని నేను చెప్పలేను. కొన్ని పరిశోధనల్లో దురద తగ్గిందని చదివాను. నా మందు నడుస్తూ ఉండగా, మీరు చూస్తారా? తేడా వస్తే నాకు చెప్పాలి, రాకపోయినా చెప్పాలి."

"రాకపోతే ముందు చెప్తా డాక్టరమ్మా," అంది జీవమ్మ.

అట్లా మొదలైంది. వచ్చినవాళ్లలో కొందరికి బాగా తగ్గుతుంది, కొందరికి కొద్దిగా, కొందరికి అసలు లేదు. ఏమీ తగ్గనివాళ్లను రెండు మూడు వారాలు చూసి, "ఇది నీకు పనిచెయ్యడంలేదు తల్లీ, ఇంక ఊరికే తిరగొద్దు," అని ఆమే చెప్పేస్తుంది. అట్లా వెళ్లిపోయినవాళ్లే తర్వాత చుట్టాలను వెంటబెట్టుకుని వస్తారు.

మొన్న కోసిగి వైపు నుంచి నాగజ్యోతి అనే అమ్మాయి వచ్చింది. ఏటా గుంటూరు దిక్కు మిరపకోతలకు పోయే ఇల్లు. చేతులకు ఎగ్జిమా. పగిలిన వేళ్లతో మిరపకాయలు తెంపితే ఎట్లా ఉంటుందో చెప్పబోయి, చెప్పలేక చేతులు చాపి చూపించింది. మధులత మందులు రాసి ఇచ్చి ఇక్కడికి పంపింది.

జీవమ్మ ఆ రెండు చేతులనూ తన ఒళ్లో పెట్టుకుని చాలాసేపు చూసింది. కోతకు పోయేటప్పుడు లోపల నూలు గ్లౌజులు, పైన రబ్బరు గ్లౌజులు వేసుకోవాలని చెప్పింది. ఈసారికి కోతలు మాని వేరే పని చూసుకోగలవా అని అడిగింది.

"యాడుండాదమ్మా వేరే పని?" అంది నాగజ్యోతి.

"సరే. అయితే చేతులు కాపాడుకునే దోవ చూద్దాం. పడుకో."

పుండ్లు లేని చోట్ల నాలుగు సూదులు వేసి, ఫ్యాను కాస్త తగ్గించింది. నాగజ్యోతి మొదట పైకప్పు వైపు బిగుసుకుని చూసింది. కాసేపటికి వేళ్లు వదులయ్యాయి. ఆ వెంటనే నోరు కొద్దిగా తెరుచుకుని గాఢనిద్రలోకి జారిపోయింది.

సూదులు తీసే వేళయింది. జీవమ్మ ఒక్కొక్కటే, అమ్మాయికి మెలకువ రాకుండా తీసి డబ్బాలో వేసింది. దుప్పటి భుజందాకా లాగింది. బయట అరుగు మీద దావీదురాజు ఎవరితోనో గట్టిగా మాట్లాడుతున్నాడు. తెర పక్కకు తొలగించి, చిన్నగా మాట్లాడమని సైగ చేసింది. వరసలో తర్వాత ఉన్న ఆడమనిషిని లోపలికి పిలవకుండా, తానే బయటికి వచ్చి, అక్కడే కూర్చోబెట్టి, అరుగు మీదే ఆమె చేతులు పట్టుకుని చూడటం మొదలుపెట్టింది.